ఎరుకల గంప: పుట్టుపూర్వోత్తరాలు

కోడిపిల్లల్ని మూయాలన్నా, చావిట్లో పేడ ఎత్తాలన్నా, గట్టు వెయ్యడానికి మట్టి మోయాలన్నా కృష్ణా డెల్టా రైతుకు ఒకప్పుడు గంపే దిక్కు. దాన్ని అల్లేవారిలో మేదరులది వెదురు పని. ఎరుకలవారు వెదురుతోనూ అల్లుతారు, గట్ల మీది ఈత మట్టల్ని చీల్చి ఆ పుల్లలతోనూ అల్లుతారు. ముందు అడుగు పేర్చి, దాని చుట్టూ గోడ లేపి, చివరికి అంచు మడిచి బిగిస్తారు. కత్తి ఒక్కటి ఉంటే చాలు.

ఎరుకలవారు షెడ్యూల్డు తెగ. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 లక్షలకు పైనే ఉన్నారు. వారి కుర్రు భాష తమిళానికి దగ్గరిది.

అయితే గంప అందరికీ మొదటినుంచీ ప్రధాన జీవనం కాదు. ఉప్పు ఎరుకలవారు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం ఉప్పును మెట్ట ఊళ్లకు చేర్చి, అక్కడి ధాన్యం తెచ్చుకునేవారు. దారిలో బుట్టలల్లి అమ్ముకునేవారు, ఆడవాళ్లు ఎరుక చెప్పేవారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక సరుకు కాలువ పడవలెక్కింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది. సంచార వర్తకం కూలింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మేతకూ వెదురుకూ అడ్డం వచ్చింది.

తిరిగేవాణ్ణి దొంగగా చూసే నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఆ చట్టం కింద ఎరుకలవారిని ఉంచేందుకు బాపట్ల దగ్గర 1913లో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని అధికారి సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరిట అదే స్టువర్టుపురం. బెజవాడకు ఎదుటి ఒడ్డున సీతానగరంలోనూ మరొక సెటిల్‌మెంటు ఉండేది. చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర చాలాకాలం వదల్లేదు.

పొలం, పెట్టుబడి లేనివారికి ఇన్ని దెబ్బల్లోనూ గంప నిలబడింది. ఇప్పుడు దాన్ని దెబ్బ తీసింది ప్లాస్టిక్. పళ్ల మార్కెట్లలో ప్లాస్టిక్ ట్రేలు, పొలంలో ప్లాస్టిక్ తట్టలు. పెళ్లికూతుర్ని మేనమామ మోసుకొచ్చే బుట్టకు మాత్రం ఇప్పటికీ వెదురే కావాలి. కానీ ఆ బేరం ముహూర్తాలున్న నెలల్లోనే. అల్లేవారికి ఏడాది పొడవునా కూడు పెట్టింది పెళ్లి బుట్ట కాదు, పేడ తట్ట.