వియన్నాయా? ప్రాగా?

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. బి.ఏ.లో నాది చరిత్రే గానీ, 1973లో గుమాస్తాగా చేరింది మొదలు 2007లో రిటైరయ్యే వరకు శిస్తు లెక్కలు, తాఖీదులు తప్ప వేరే చరిత్ర చదివింది లేదు. చదవటమంతా రిటైరయ్యాకే. కనుక పండితులు మన్నించాలి.

2023 అక్టోబరులో నేనూ మా శ్రీమతీ జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మా అమ్మాయి దగ్గర ఉన్నాము. అల్లుడు గారికి మూడు రోజులు సెలవు దొరికింది. "వియన్నా వెళ్దామా, ప్రాగ్ వెళ్దామా? నువ్వే చెప్పు నాన్నా" అన్నది అమ్మాయి. ఒక్క షెంగెన్ వీసాతో రెండింటికీ వెళ్లవచ్చు. రైలులో వియన్నాకు నాలుగు గంటలు, ప్రాగ్‌కు ఆరు గంటలు. మూడు రోజుల్లో రెండూ చూడబోతే ఏదీ చూసినట్లుండదు. మా శ్రీమతి మోకాలికి ఇండియాకు తిరిగి రాగానే ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పి ఉన్నారు. ఇంత దూరం మళ్లీ రాగలమన్న ఆశ ఇద్దరికీ లేదు. ఆ మాట మాత్రం పైకి అనుకోలేదు.

పాత అలవాటు పోదు కదా. తెల్లకాగితానికి ఎడమ పక్క మార్జిను మడిచి, విషయము, పూర్వరంగము అంటూ నోట్ ఫైలు రాయటం మొదలుపెట్టాను.

ముందు వియన్నా. హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల రాజధాని. 1529లో సులేమాన్ సుల్తాను వచ్చి ముట్టడించాడు. అక్టోబరు నడిమికల్లా వానలు, చలి దెబ్బకు వెనుదిరిగాడు. 1683లో టర్కీ సేనలు మళ్లీ వస్తే సెప్టెంబరు 12న పోలండు రాజు సోబియెస్కీ, అతని మిత్రసేనలు వచ్చి కాపాడాయి. నెపోలియన్ పతనం తరువాత యూరప్ పటాన్ని తిరిగి గీసిన మహాసభ 1814-15లో జరిగింది ఇక్కడే. ఫ్రాన్సిస్ జోసెఫ్ చక్రవర్తి 1848 నుండి 1916 వరకు, అంటే 68 సంవత్సరాలు, తెల్లవారకముందే లేచి ఫైళ్ల ముందు కూర్చునేవాడట. ఇంత సర్వీసు మనలో ఎవరికీ లేదు!

మనకు సంబంధించిన సంగతి ఇంకొకటున్నది. మరియా థెరీసా రాణి కుమారుడు రెండవ జోసెఫ్ 1781లో ప్రభుత్వోద్యోగులకు పెన్షను నిబంధనలు చేశాడు. పది సంవత్సరాల సర్వీసు నిండితే జీతంలో మూడో వంతు, ఇరవై అయిదు నిండితే సగము, నలభై నిండితే ఇంకా ఎక్కువ. అంతకు ముందు పెన్షను అంటే ప్రభువు దయ. దయ కలిగితే ఇచ్చేవాడు, లేకుంటే లేదు. నకారా కేసులో 1982 డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదని తీర్పు ఇవ్వబట్టే కదా మనం ఈ రోజున పండుగ చేసుకుంటున్నాము. ఆ దారిలో తొలి అడుగులు వేసిన ఊళ్లలో వియన్నా ఒకటి.

నోట్‌లో రాయదగిన స్థలం ఇంకొకటి, యొహానెస్ గాసె అనే వీధిలోని పాత ఖజానా దస్తావేజుల భవనం. గ్రిల్‌పార్జర్ అనే గొప్ప నాటకకర్త 1832 నుండి 1856 వరకు ఆ రికార్డుల కార్యాలయానికి అధికారి. ఇప్పుడది సాహిత్య మ్యూజియం. కట్టలు పెట్టిన పాత అరలను, ఆయన గదిని అలాగే ఉంచారు. రికార్డు రూములో దుమ్ము తిన్న నాబోటి వాడికి రాజప్రాసాదం కంటే ఇదే చూడాలనిపించటం సహజం. సుభాష్ బాబు 1933లో వైద్యానికి వచ్చిందీ, మరుసటి సంవత్సరం ఎమిలీ షెంకెల్ గారితో పరిచయమైందీ ఈ నగరంలోనే.

ఇంతవరకు రాసి వియన్నాకే సిఫారసు చేయబోయాను. ఊరు చదునుగా ఉంటుంది, ట్రాములు ఎక్కువ, మోకాలికి సుఖం. కానీ ప్రాగ్ గురించి రాయబోయేసరికి కలం ఒక గుమాస్తా దగ్గర ఆగిపోయింది.

1618 నాటి మాట. అప్పటికి చక్రవర్తి మాథియాస్ వియన్నాలో ఉన్నాడు. బొహీమియా దేశాన్ని ప్రాగ్ కోటలో కూర్చుని రీజెంట్లు పాలిస్తున్నారు. 1609లో రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి ఆ దేశపు ప్రొటెస్టంట్లకు మతస్వేచ్ఛ ఇస్తూ ఒక శాసనం రాసి ఇచ్చి ఉన్నాడు. దానికి విరుద్ధంగా రెండు ఊళ్లలో వారి చర్చీలకు ఎసరు పెట్టారు. ఒకదాన్ని మూయించారు, ఒకదాన్ని పడగొట్టారు. ప్రొటెస్టంటు ప్రభువులు సభ చేరి విన్నవించుకుంటే, సభలు కూడరాదని బెదిరిస్తూ వియన్నా నుండి ఉత్తరం వచ్చింది. మే 23 ఉదయం వారంతా కోటలోని చాన్సలరీ గదిలోకి చొరబడి, ఈ ఉత్తరం రాయించింది మీరేనా అని రీజెంట్లను నిలదీశారు. నిజానికి ఆ ఉత్తరం వియన్నాలోనే బిషప్ క్లెస్ల్ ఆధ్వర్యంలో తయారైందని చరిత్రకారులు అంటారు. గదిలో వాదం ముదిరింది. మార్టినిట్స్ అనే రీజెంటును కిటికీలోంచి కిందికి విసిరారు. స్లావాటా అనే రెండవవాడు కిటికీ అంచు పట్టుకు వేలాడితే చేతి మీద కొట్టి వదిలించారు. అంతటితో ఊరుకోక, అక్కడే ఉన్న కార్యదర్శి ఫిలిప్ ఫాబ్రిసియస్‌ను కూడా ఎత్తి పడేశారు. ఆయన చేసిన నేరం ఏమిటయ్యా అంటే, ఆ సమయానికి ఆఫీసులో ఉండటం.

కిటికీ ఎత్తు ఇంచుమించు డెబ్బై అడుగులు. ముగ్గురూ బతికారు! మేరీ మాత కాపాడిందని కాథలిక్కులు, కింద చెత్తకుప్ప ఉండబట్టి బతికారని ప్రొటెస్టంట్లు ప్రచారం చేశారు. ఫాబ్రిసియస్ తిన్నగా వియన్నాకు ప్రయాణమై వెళ్లి జరిగింది విన్నవించాడు. తరువాత ఆయనకు ప్రభువుల హోదా ఇచ్చి 'హోహెన్‌ఫాల్' అనే బిరుదు తగిలించారు. ఆ మాటకు అర్థం 'ఎత్తు నుండి పడినవాడు' అని. ప్రమోషను ఉత్తర్వులో ఇంత హాస్యం మన సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

అక్కడితో మొదలైన యుద్ధం ముప్పై సంవత్సరాలు సాగి లక్షల మందిని మింగింది. 1620 నవంబరు 8న ప్రాగ్ పక్కనున్న వైట్ మౌంటెన్ వద్ద తిరుగుబాటుదారులు ఓడిపోయారు. మరుసటి ఏడు జూన్ 21న వారి నాయకులు 27 మందిని పాతబస్తీ చౌకులో చంపించారు. నేల మీద రాళ్లలో పొదిగిన 27 తెల్లని శిలువ గుర్తులు ఈనాటికీ ఉన్నాయి.

ఈ ఊళ్లోనే ఇంకొక గుమాస్తా ఉన్నాడు. కాఫ్కా అనే జగత్ప్రసిద్ధ రచయిత 1908లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో చేరి, చెక్క చిత్రిక పట్టే యంత్రాల వల్ల వేళ్లు తెగకుండా ఏమి చేయాలో నివేదికలు రాశాడు. ఆఫీసు మధ్యాహ్నం రెండు గంటలకు వదిలేది. కథలు రాత్రిపూట. క్షయ సోకటంతో 1922 జూలైలో పెన్షను మీద రిటైరయ్యాడు. రెండేళ్లయినా అనుభవించలేదు. 1924 జూన్ 3న వియన్నా దగ్గరి కీర్లింగ్ శానిటోరియంలో, నలభై ఏళ్లకే పోయాడు. శరీరాన్ని ప్రాగ్‌కు తెచ్చి పూడ్చారు.

ఇవన్నీ రాసి, సిఫారసు గడి ఖాళీగా వదిలి, ఆదేశముల కొరకు అని మా శ్రీమతి ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"ఏమండీ, ఆ ఉత్తరం పైనుంచి వచ్చింది కదా, కింద ఉన్న వాళ్లనెందుకు తోశారు?" అని అడిగింది.

"పైవాళ్లు అందరికీ అందుబాటులో ఉండరు" అన్నాను.

ఆమె ఒక నిమిషం ఊరుకుని, "హైదరాబాదు వెళ్లి పెద్ద ఆఫీసు వరండాల్లో మీరు నిలబడ్డది చాలు. ఇక్కడ కూడా పెద్ద ఆఫీసే చూడాలా? ఆ కిటికీ దగ్గరికే పోదాం" అన్నది.

నా ఇంక్రిమెంటు బకాయిల ఫైలు ఒక పైకార్యాలయం నుండి మూడుసార్లు తిరిగి వచ్చిన రోజులు ఆమెకు గుర్తుకు వచ్చాయని అర్థమైంది. పెద్ద పిల్ల కాలేజీ ఫీజుకు ఆమె గాజులు కుదువ పెట్టింది అప్పుడే. నేను మరచిపోయాననుకున్నాను. ఆమె మరువలేదు.

కోట కొండ మీద కదా, మోకాలి సంగతేమిటని నేనంటే, 22వ నంబరు ట్రాము పైదాకా పోతుందని అల్లుడు గారు చెప్పారు. అలాగే వెళ్లాము. గులకరాళ్లు పరిచిన వీధుల్లో మాత్రం ఆమె చాలా బాధపడింది. నా భుజం పట్టుకుని పదడుగులకొకసారి ఆగుతూ వచ్చింది. తిరిగి పోదామంటే ఒప్పుకోలేదు.

చాన్సలరీ గది నేననుకున్నంత గొప్పగా లేదు. మన తాలూకాఫీసు హాలులాంటి గది, పెద్ద కిటికీలు. ఎర్రని పెంకుటిళ్లు, ఆకులు పండిన చెట్లు కనిపిస్తాయి. నేను కిందికి తొంగి చూస్తుంటే ఆమె నా కోటు వెనుక పట్టుకుని నిలబడింది.

తరువాత కోట దక్షిణాన ఉన్న తోటలోకి దిగాము. పడినచోట గుర్తుగా రాతి స్తంభాలు నాటారని చదివి ఉన్నాను. ఒకటి మార్టినిట్స్‌ది, ఒకటి స్లావాటాది. మా శ్రీమతి బల్ల మీద కూలబడి మోకాలు రాసుకుంటూ అటూ ఇటూ చూసి, "మూడోది ఏదండీ?" అన్నది. లేదని చెప్పాను.