తగ్గని జ్వరం: అసలు కారణాన్ని పట్టించే కణాల గుర్తులు

సూరత్ నగరంలోనూ, దాని చుట్టూ ఉన్న దక్షిణ గుజరాత్ జిల్లాల్లోనూ వానాకాలమంటే జ్వరాల కాలం. మలేరియా, డెంగీ, లెప్టోస్పైరోసిస్ కేసులు అప్పుడే పెరుగుతాయి. అందువల్ల పసిబిడ్డకు జ్వరం తగ్గకపోతే వైద్యులు మొదట ఈ వ్యాధుల కోసమే పరీక్షిస్తారు. అయితే అరుదుగా కొందరిలో ప్రాణం మీదికి తెచ్చేది సూక్ష్మజీవి కాదు, అదుపు తప్పిన సొంత రోగనిరోధక వ్యవస్థ. హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్, సంక్షిప్తంగా హెచ్‌ఎల్‌హెచ్, అలాంటి వ్యాధి. దీని నిర్ధారణలో తెల్లరక్తకణాల ఉపరితలంపై కనిపించే గుర్తులు కీలకం.

వ్యాధి స్వరూపం

ఒకే కుటుంబానికి చెందిన పసిపిల్లల్లో ఈ వ్యాధిని 1952లో ఫార్క్వర్, క్లెయిరో అనే వైద్యులు వర్ణించారు. ఇది రెండు విధాలు. మొదటిది జన్యులోపం వల్ల వంశపారంపర్యంగా వచ్చేది. రెండవది ఇన్ఫెక్షన్, క్యాన్సర్ వంటి కారణాల వల్ల తలెత్తేది. 1897లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ వర్ణించిన పిల్లల కీళ్లవ్యాధిలో కూడా ఇటువంటి ప్రమాదకర స్థితి ఏర్పడవచ్చు.

ఆరోగ్యవంతుల్లో కిల్లర్ కణాలు వైరస్ సోకిన కణాన్ని చేరి, తమలోని చిన్న సంచుల నుంచి పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి దానిని నాశనం చేస్తాయి. ఆ పని పూర్తి కాగానే శాంతిస్తాయి. పెర్ఫోరిన్ లేకపోయినా, సంచి తెరుచుకోకపోయినా పోరు ముగియదు. ప్రమాద సంకేతాలు ఆగకుండా వెలువడతాయి. వాటికి రెచ్చిపోయిన మాక్రోఫేజ్ కణాలు సొంత రక్తకణాలనే మింగుతాయి. ప్లీహం పెరుగుతుంది, రక్తకణాల సంఖ్య పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది.

గుర్తులు చెప్పే సాక్ష్యం

కణాల ఉపరితలంపై ఉండే ప్రోటీన్లకు ‘సీడీ’ సంఖ్యలు ఇచ్చే పద్ధతి 1982లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సుతో మొదలైంది. ఇప్పుడు ఈ సంఖ్యలు 370 దాటాయి. కాంతినిచ్చే రంగు అతికించిన ప్రతిరక్షకాలు నిర్దిష్టమైన గుర్తుకే అంటుకుంటాయి. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో కణాలు ఒక్కొక్కటిగా లేజర్ కిరణం ముందు నుంచి సాగుతుండగా వెలిగినవాటిని లెక్కిస్తారు.

సీడీ107ఏ అనే గుర్తు కిల్లర్ కణంలోని సంచి లోపలి పొరకు ఉంటుంది. సంచి తెరుచుకున్నప్పుడే అది కణం వెలుపల కనిపిస్తుంది. కణాన్ని ప్రేరేపించినా ఈ గుర్తు పైకి రాకపోతే విడుదల ప్రక్రియలో లోపం ఉందని అనుమానించాలి. సీడీ107ఏ సాధారణంగా ఉండి, కణం లోపల పెర్ఫోరిన్ కనిపించకపోతే లోపం పెర్ఫోరిన్ జన్యువులో ఉండవచ్చు. ఈ జన్యువుకూ వ్యాధికీ గల సంబంధం 1999లో వెల్లడైంది.

తీవ్రంగా ఉత్తేజితమైన టీ కణాల నుంచి సీడీ25 విడివడి రక్తంలో చేరుతుంది. ఇది మిల్లీలీటరుకు 2,400 యూనిట్లు, ఆపైన ఉండటం నిర్ధారణకు ఉపయోగించే 8 ప్రమాణాల్లో ఒకటి. మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు, ఆపైన ఉండే ఫెరిటిన్ మరొకటి. వీటిలో కనీసం 5 నెరవేరినా, సంబంధిత జన్యులోపం రుజువైనా హెచ్‌ఎల్‌హెచ్‌గా పరిగణిస్తారు.

మేనరికం, వారసత్వం

తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్క ప్రతి ఉంటే, వారు ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 4లో 1 వంతు. బావామరదళ్ల మధ్య సగటున 8లో 1 వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ల మధ్య 4లో 1 వంతు. అందుకే రక్తసంబంధీకుల వివాహాల్లో ఇటువంటి వ్యాధుల ముప్పు ఎక్కువ.

మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన చేనేత కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ తదితర ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. గుజరాత్‌లోని చాలా హిందూ కుటుంబాల్లో మేనరికం ఆచారం లేదు. కాబట్టి స్థానిక వైద్యులు అడగకపోయినా, మేనరికం విషయాన్నీ, గతంలో కారణం తెలియకుండా చనిపోయిన పసిబిడ్డల సంగతినీ తెలుగు కుటుంబాలు దాచకుండా చెప్పడం అవసరం. ఆ ఒక్క మాటతో పరీక్షల దిశ మారవచ్చు.

పరీక్ష, చికిత్స

సూరత్‌కు రైలు మార్గంలో సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని ముంబయిలో, పరేల్‌లోని కెఇఎమ్ ఆసుపత్రి ప్రాంగణంలో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ ఉంది. ఈ రకమైన రోగనిరోధక లోపాలపై ఆ సంస్థ పరిశోధన సాగిస్తోంది. సీడీ107ఏ పరీక్షకు సజీవ కణాలు కావాలి. అందువల్ల నమూనా త్వరగా చేరాలి. ప్రయాణంలో కణాలు దెబ్బతిన్నాయా అన్నది తెలుసుకోవడానికి ఆరోగ్యవంతుని రక్తాన్ని కూడా తోడుగా పంపుతారు.

బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే ఫలితం కోసం చికిత్సను ఆపరు. డెక్సామెథసోన్, ఎటొపొసైడ్ మందులతో ఉధృతిని అదుపు చేస్తారు. వంశపారంపర్య రకానికి శాశ్వత పరిష్కారం మూలకణ మార్పిడి. జన్యులోపం కచ్చితంగా తెలిస్తే, తదుపరి గర్భంలో 11వ వారం నుంచే పిండానికి పరీక్ష చేయించుకోవచ్చు.

జ్వరం వారం దాటినా తగ్గక, ప్లీహం పెరిగి, రక్తకణాలు తగ్గుతూ ఉంటే ఫెరిటిన్ పరీక్ష గురించి వైద్యులను అడగాలి. పెద్ద ప్రయోగశాలలకు వెళ్లకముందే స్థానికంగా చేయించుకోగల తొలి పరీక్ష అదే.