గాలిగోపురం కింద పడక

పోయిన ఎపిసోడ్ అబ్రా మీద రికార్డు చేశాం. ఇంజన్ చప్పుడులో సగం మాటలు వినబడలేదని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. తప్పు నాదే, మైకు ఇంజన్ పక్కన పెట్టాను. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఖాళీలు ఉన్నచోట ఏం మాట్లాడుకున్నామో, మైకు కట్టేశాక ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, 2004లో దుబాయ్ వచ్చి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. గోడ కనబడితే చేత్తో తట్టి చూసే అలవాటు ఉంది, అంతే.

ఆ రోజు ముగ్గురం. నేను, మా జగిత్యాల వైపు రాజన్న, కాకినాడ దగ్గరి నుంచి వచ్చిన సత్తిబాబు. రాజన్న వచ్చే నెల వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోతున్నాడు, ఇక తిరిగి రాడు. ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో సెంట్రింగ్ పని చేశాడు. "ఇన్నేండ్లు ఉన్న గని ఊరు సూసింది లేదన్నా. సైటు, రూము, సైటు. ఒక్కసారి తిప్పు" అన్నాడు. ఆదివారం సెలవు, జనవరి చలి. నాయిఫ్‌లో కడక్ చాయ్ తాగి, దేరా ఒడ్డున అబ్రా ఎక్కాం. మనిషికి ఒక దిర్హం.

అబ్రా దాటే ఖోర్ గురించి ముందు చెప్పాలి. ఖోర్ అంటే సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ. దుబాయ్ పుట్టిందే దీని ఒడ్డున. ఇసుక మేట వేసి పెద్ద పడవలు రాలేకపోతుంటే, 1950ల చివర్లో షేక్ రషీద్ అప్పు తెచ్చి పూడిక తీయించడం మొదలుపెట్టాడు. దుబాయ్‌లో చమురు దొరికింది 1966లో. అంటే చమురు డబ్బు రాకముందే అప్పు చేసి రేవు బాగుచేసుకున్నారన్నమాట. ఖోర్ మీద మొదటి వంతెన మక్తూమ్ బ్రిడ్జి 1963లో వచ్చింది. అంతకుముందు అటు ఇటు పోవాలంటే ఈ అబ్రాలే, లేదంటే పాయ చివరిదాకా చుట్టు తిరిగి రావాలి.

ఇంజన్ చప్పుడులో కొట్టుకుపోయిన ఇంకో మాట రూపాయిది. ఒకప్పుడు ఇక్కడ బజారులో నడిచింది మన రూపాయే. 1909లో ఇక్కడ పోస్టాఫీసు పెట్టినప్పుడు అది ఇండియా తపాలా శాఖ కింద ఉండేది. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చు వేసింది. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక వీళ్లు దాన్ని వదులుకున్నారు. ఇప్పటి దిర్హం 1973లో వచ్చింది. ఇది చెబితే సత్తిబాబు నవ్వి, "అప్పుడే వచ్చుంటే ఎక్స్‌ఛేంజ్ రేటు గొడవ ఉండేది కాదు గురూ" అన్నాడు. ఆ నవ్వు మాత్రం మీకు వినబడే ఉంటుంది.

బర్ దుబాయ్ ఒడ్డున దిగి, బట్టల బజారు దాటి కాస్త నడిస్తే బస్తాకియా. ఇప్పుడు అల్ ఫహీది అంటున్నారు. పక్కనే ఉన్న ఫహీది కోట 1787 నాటిది. బస్తాకియా అంత పాతది కాదు. ఇరాన్ తీరంలో లింగే లాంటి రేవుల్లో సుంకాలు పెరిగి వ్యాపారాలు కష్టమైనప్పుడు, సుమారు 1900 తర్వాత, అక్కడి వర్తకులు ఇటు వచ్చారు. ఇక్కడి పాలకులు పన్నులు తగ్గించి, ఖోర్ పక్కన స్థలం ఇచ్చి ఉండమన్నారు. వచ్చినవాళ్లలో చాలామందిది బస్తక్ అనే ఊరు. అలా ఈ పేటకు ఆ పేరు. వాళ్లు కూడా బతకడానికి సముద్రం దాటి వచ్చినవాళ్లే. కాకపోతే చేతిలో సరుకుతో వచ్చారు, మనం చేతులతో వచ్చాం.

సందులు చాలా ఇరుకు. సందును అరబ్బీలో సిక్కా అంటారు. రెండు వైపులా ఎత్తు గోడలు, ఎప్పుడూ ఏదో ఒక పక్క నీడ. బయటి గోడకు కిటికీలు తక్కువ. లోపలికి పోతే నడిమిట్ల ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ గదులు. రాజన్న గడప దాటగానే, "అరె, భవంతి ఇల్లే కదనే" అన్నాడు. నిజమే. మా వైపు పాత భవంతి ఇళ్లు, గోదావరి వైపు మండువా లోగిళ్లు ఇదే లెక్క. మనది వాన నీళ్లు పడే వాకిలి, వీళ్లది గాలి తిరిగే వాకిలి.

గోడలు సముద్రం నుంచి తీసిన పగడపు రాయితో కట్టారు. రాయి నిండా సన్న సన్న బెజ్జాలు, వాటిలో గాలి నిలిచి ఉంటుంది. అందుకే బయటి వేడి అంత తొందరగా లోపలికి రాదు. ఇవాళ మేం గోడల మధ్య థర్మాకోల్ పెట్టి చేసే పనిని ఈ రాయి దానంతట అదే చేసింది. పైన జిప్సమ్ పూత.

కప్పు చూశాక జేబులో టేపు తీశాను. గది వెడల్పు 3.2 మీటర్లు. పక్క గది కొలిచాను, దాదాపు అంతే. ఇంకోటి, అదీ అంతే. పొడుగు మాత్రం దేని లెక్క దానిది. కారణం తల ఎత్తితే కనబడుతుంది. కప్పుకు వేసినవి మడ చెట్ల వాసాలు, ఇక్కడ చందల్ అంటారు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి తెరచాప ఓడల్లో వచ్చేవి. ఆ కర్ర పొడుగే అంత. కర్ర ఎంత ఉంటే గది అంత. ఇంటి యజమాని ఎంత ధనవంతుడైనా గది పొడుగు పెంచుకోగలడు గానీ వెడల్పు పెంచుకోలేడు. "మా కోరంగి మడ అడవుల్లోవీ ఇలాంటి కర్రలేనండీ, మేం వంటచెరుకుకి కొట్టేవాళ్లం" అన్నాడు సత్తిబాబు ఆ వాసాల వంక చూస్తూ.

తర్వాత పెద్ద గదిలోకి పోయాం. మూల మీద గాలి బురుజు ఉంది. దీన్నే బర్జీల్ అంటారు. ఇంటి పైకప్పు మీద చదరంగా లేచిన బురుజు, నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. లోపల మూల నుంచి మూలకు అడ్డగోడలు, పై నుంచి చూస్తే గుణకారం గుర్తు లాగా. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఆ అడ్డగోడకు తగిలి కిందికి దిగుతుంది, గదిలోని వేడి గాలి అవతలి వైపు నుంచి పైకి పోతుంది. మోటరు లేదు, కరెంటు లేదు. బురుజు గోడల్లోంచి బయటికి కర్రలు పొడుచుకొచ్చి ఉంటాయి. చాలామంది అందం కోసం అనుకుంటారు. అవి గోడలను లోపల నుంచి పట్టి ఉంచే కట్టు, మరమ్మతు చేసేటప్పుడు పరంజా కూడా. పరంజాను ఇంట్లోనే కలిపి కట్టేసుకున్నారు!

నేనిదంతా చెబుతుంటే రాజన్న వినడం లేదు. బురుజు కింద నిలబడి పైకి చూస్తున్నాడు. ఆ చలిలో కూడా మొహం మీద గాలి తెలుస్తోంది. చాలాసేపటికి, "గాలిగోపురం" అన్నాడు.

"ఏందన్నా?"

"మా బాపు ఈడ పండుకున్నడే."

ఇక్కడి నుంచి రాసేది రాజన్న ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ల బాపు 1981లో దుబాయ్ వచ్చాడు. ఫోను చేయాలంటే డబ్బులు, ఉత్తరం చదవాలంటే ఇంట్లో చదువొచ్చినవాళ్లు లేరు. అప్పట్లో అందరిలాగే క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చేవాడు. ఇంటి దగ్గర టేప్‌రికార్డర్ ఉన్నవాళ్ల ఇంట్లో కూర్చుని విన్నారు. అందులో బాపు, "నా ఫికరు జెయ్యకుండ్రి. బర్‌దుబాయ్‌ల నీళ్ల ఒడ్డుకు ఉంటున్నం. గాలిగోపురం కింద పండుకుంటున్న, సల్లగున్నది" అన్నాడట.

రాజన్న వాళ్ల అవ్వ, అంటే అమ్మ, అది విని అన్నం ముట్టలేదు. ఆమెకు తెలిసిన గాలిగోపురం గుడిది. గోపురం కింద పడుకునేది ఎవరు? ధర్మపురి గుడి ముందు చేయి చాపేవాళ్లు. ఇంత అప్పు చేసి దేశం దాటిన మనిషి గుడి ముందు పడుకుంటున్నాడని ఆమె అనుకుంది. రెండేళ్లకు బాపు సెలవు మీద వచ్చి, అది గుడి కాదు, ఇంటి మీద ఉంటది, పొయ్యి గొట్టం లెక్క, దాంట్లకెళ్లి గాలి వస్తది అని చెబితే ఎవరూ నమ్మలేదు. పరువు కోసం అబద్ధమాడుతున్నాడనుకున్నారు. "నేను గూడ నమ్మలేదన్నా. నేనొచ్చినప్పటిసంది ఎన్ని బిల్డింగులు కట్టిన, యేడ గట్ల లేదు" అన్నాడు రాజన్న.

బాపు చెప్పింది నిజమే. 1960ల్లో కరెంటు వచ్చింది, తర్వాత ఏసీలు వచ్చాయి. చమురు డబ్బుతో కొత్త విల్లాలు లేచాయి. 1970ల నుంచి ఈ ఇళ్ల యజమానులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పాత ఇళ్లు గోదాములయ్యాయి, కూలికి వచ్చినవాళ్ల అద్దె గదులయ్యాయి. ఏసీ కొనుక్కోలేనివాళ్లకు వర్తకుల గాలి బురుజు పనికొచ్చింది. 1980ల్లో కొత్త కట్టడాల కోసం ఈ పేటలో దాదాపు సగం పడగొట్టారు. మిగతా సగం కూడా పోయేదే. ఇక్కడే ఒక పాత ఇంట్లో ఉంటున్న రేనర్ ఆటర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ పడగొట్టొద్దని పట్టుబట్టాడు. 1989లో బ్రిటన్ యువరాజు ఛార్లెస్ వచ్చినప్పుడు ఈ సందుల్లో తిరిగి, వీటిని కాపాడమని అడిగాడు. కూల్చడం ఆగింది. తర్వాత మున్సిపాలిటీ వాళ్లు బాగుచేయించారు. ఇప్పుడు ఇవి ఆర్ట్ గ్యాలరీలు, కాఫీ షాపులు, మ్యూజియంలు. ఇక్కడ చాలా ఏళ్లు సిక్కా పేరుతో కళల పండుగ జరిగింది. ఆ రోజు కూడా ఒక ఇంట్లో బొమ్మలు పెట్టారు. సత్తిబాబు ఒక పడవ బొమ్మ ముందు పావుగంట నిలబడ్డాడు. తెడ్డు వేసే కోణం తప్పు వేశాడని అతని ఫిర్యాదు.

మేం చదివిన బోర్డుల మీద వర్తకుల కుటుంబాల పేర్లు ఉన్నాయి. అది న్యాయమే, వాళ్లు కట్టించుకున్న ఇళ్లు. రాయి తెచ్చి, జిప్సమ్ కలిపి, బురుజు ఎత్తిన మేస్త్రీల పేర్లు కనబడలేదు. ఒక్కో గదిలో పదేసి మంది సర్దుకుని పడుకున్న మనవాళ్ల పేర్లు అసలే లేవు. రాజన్న వాళ్ల బాపు పడుకున్న ఇల్లు నిలిచిన సగంలో ఉందా, కూలిన సగంలో పోయిందా అని చెప్పేవాళ్లు కూడా లేరు. ఆయన పోయి పన్నెండేళ్లయింది.

కోపం తెచ్చుకుని లాభం లేదు. బోర్డు రాసేవాడికి కాగితం కావాలి. వర్తకుల దగ్గర దస్తావేజులున్నాయి. మన దగ్గర ఉన్నది క్యాసెట్లు. కానీ మనం వాటిని చరిత్ర అనుకోలేదు. మా ఇంట్లో నేనే రెండు క్యాసెట్ల మీద సినిమా పాటలు ఎక్కించాను. వాటిలో ఏముండెనో ఇప్పుడు మా నాన్నను అడిగినా చెప్పలేడు.

ఇక్కడ వాట్సాప్‌లో వీడియో కాల్ పోదు కదా. రాజన్న బురుజు కింద నిలబడి, నా చేతికి ఫోను ఇచ్చి, వీడియో తీయించుకున్నాడు. కింద నుంచి పైదాకా చూపించి, "అవ్వా, బాపు చెప్పిన గాలిగోపురం గిదే. గుడి కాదు. మంచి ఇల్లు" అన్నాడు. పంపించాక బయటికొచ్చి చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఎవరం పెద్దగా మాట్లాడలేదు.

గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. మనవరాలు నొక్కి పట్టుకుంటే మాట్లాడినట్టుంది. "సూసిన బిడ్డా. మరి పావురాలేవి? రాత్రంత పావురాలు గుర్రుగుర్రు మంటయి, నిద్ర వడతలేదన్నడు గద?"

రాజన్నకు పావురాల మాట గుర్తు లేదు. నలభై ఏళ్లు దాటినా ఆమెకు గుర్తుంది. నమ్మలేదన్న మనిషి, ఆ క్యాసెట్ ఎన్నిసార్లు విని ఉంటుందో మరి.

రాజన్న ఇంటికి పోగానే క్యాసెట్ వెతుకుతానన్నాడు. దొరికితే, వాళ్ల అవ్వ ఒప్పుకుంటే, మీకు వినిపిస్తాం. మీ ఇళ్లలో కూడా సందూకుల్లో, అటకల మీద ఇలాంటివి ఉంటాయి. దొరికితే వెంటనే పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కకండి, రీలు అతుక్కుని ఉంటే తెగిపోతుంది. ముందు పెన్సిల్ దూర్చి నెమ్మదిగా ఇటు అటు తిప్పి చూడండి. తిరగకపోతే బలవంతం చేయకుండా తెలిసినవాళ్లకు ఇవ్వండి. క్యాసెట్ లేకపోతే, అందులో మాట్లాడినవాళ్లు, విన్నవాళ్లు ఇంకా ఉంటే, ఫోను పెట్టి ఒక పది నిమిషాలు అడగండి: ఎక్కడ పడుకునేవాళ్లు, పక్కన ఎవరు పడుకునేవాళ్లు, రాత్రి ఏం చప్పుడు వినబడేది. మైకు మాత్రం ఇంజన్ పక్కన పెట్టకండి.