లియొంటీన్ ప్రైస్

లియొంటీన్ ప్రైస్ (జననం: 1927 ఫిబ్రవరి 10) అమెరికాకు చెందిన ఒపేరా గాయని, 20వ శతాబ్దపు మేటి సొప్రానోలలో (స్త్రీల గొంతుల్లో అన్నిటికంటే పై స్థాయి గాత్రం) ఒకరు. ఇటలీ స్వరకర్త వెర్డీ సృష్టించిన నాయికల పాత్రలకు, ముఖ్యంగా ‘ఐదా’కు, ఆమె గొంతు పెట్టింది పేరు. 13 గ్రామీ పురస్కారాలు అందుకున్నారు.

బాల్యం, శిక్షణ

మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ అనే చిన్న ఊళ్లో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రి జేమ్స్ కలప మిల్లులో కూలీ. తల్లి కేట్ మంత్రసాని, చర్చి బృందంలో పాడేవారు. నల్లవారికి బడి దగ్గర్నుంచి బస్సు సీటు దాకా అన్నీ వేరుగా ఉంచిన కాలం అది. తొమ్మిదేళ్ల వయసులో తల్లి వెంట జాక్సన్ నగరానికి వెళ్లి నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ కచేరీ విన్నారు. తనలాంటి ఒక స్త్రీ అంతటి వేదిక మీద నిలబడి పాడగలదని ఆమెకు తెలిసింది అక్కడే.

ఒహాయోలో సంగీతం టీచరు కావాలని చదువుకుంటూ, ఉపాధ్యాయుల ప్రోత్సాహంతో గానం వైపు మళ్లారు. న్యూయార్క్ జూలియార్డ్ పాఠశాలలో ఫ్లారెన్స్ పేజ్ కింబల్ ఆమె గురువు. చదువు ఖర్చులకు లారెల్‌లోని చిషమ్ అనే శ్వేతజాతి కుటుంబం అండగా నిలిచింది.

వేదిక మీదికి

1952లో గెర్ష్విన్ ఒపేరా ‘పోర్గీ అండ్ బెస్’లో బెస్‌గా పేరు తెచ్చుకున్నారు. 1955లో ఎన్‌బీసీ టెలివిజన్ ఆమెతో ‘టోస్కా’ ప్రసారం చేసింది. నల్లజాతి నాయికను చూపడానికి ఒప్పుకోక దక్షిణాదిలోని కొన్ని స్టేషన్లు ఆ ప్రసారాన్ని ఆపేశాయి. 1956లో అమెరికా విదేశాంగ శాఖ తరఫున భారతదేశంలోనూ కచేరీలు చేశారు. తర్వాత వాద్యబృంద నిర్వాహకుడు కరయాన్ ఆహ్వానంతో వియన్నాలో, ఆపైన లండన్, మిలాన్‌లలో ‘ఐదా’ పాడారు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా (మెట్) నుంచి ‘ఐదా’ పాడమని పిలుపు ముందే వచ్చింది. ఐదా బానిసగా చిక్కిన ఇథియోపియా రాకుమారి. ఆ వేదిక మీద ఒక నల్లజాతి గాయని తొలి అడుగు బానిస పాత్రతో పడకూడదని హితైషులు చెప్పగా ఆమె ఆగారు. ఆమె జీవితంలోని నిర్ణయాలన్నిటిలోకీ ఇదే గట్టిదనిపిస్తుంది. చివరికి 1961 జనవరి 27న ‘ఇల్ త్రోవతోరె’లో లియొనోరా అనే రాజాస్థాన యువతిగా అడుగుపెట్టారు. ఆట ముగిశాక చప్పట్లు సుమారు 40 నిమిషాలు మోగాయని చెబుతారు. అదే ఏడాది అక్టోబరులో పుచ్చీనీ ‘లా ఫాంచుల్లా దెల్ వెస్ట్’తో మెట్ సీజన్‌ను ప్రారంభించిన తొలి నల్లజాతి గాయని అయ్యారు. అందులో నాయిక పాత్ర పాడుతుండగానే ఒక ప్రదర్శనలో గొంతు పోయింది. మాటలుగా పలుకుతూ అంకం పూర్తిచేశారు, మిగిలింది డొరొతీ కర్‌స్టెన్ పాడారు. కొన్ని వారాల విశ్రాంతి తర్వాత తిరిగి వచ్చారు.

1966 సెప్టెంబరు 16న లింకన్ సెంటర్‌లో కొత్త మెట్ భవనం శామ్యూల్ బార్బర్ ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’తో తెరుచుకుంది. క్లియోపాత్ర పాత్ర ఆమె కోసమే రాసింది. దర్శకుడు జెఫిరెల్లీ భారీ సెట్లు మొరాయించాయి, తిరిగే వేదిక చెడిపోయింది. నాటకం నిలవలేదు, ఆమె గానానికి మాత్రం మెప్పు దక్కింది.

గాత్రం

ఒపేరా గాయని గొంతు మైకు లేకుండా, పెద్ద వాద్యబృందం మీదుగా వేల మందికి వినబడాలి. అయినా సన్నని స్వరం చెదరకూడదు. ఆమె మంద్రం కాస్త పొగచూరినట్టు ముదురుగా, తారస్థాయి తేటగా, నిగనిగలాడుతూ ఉండేది. ‘ఐదా’ మూడో అంకంలో నైలు ఒడ్డున నాయిక జన్మభూమిని తలుచుకునే పాట ఉంది. దాని చివర స్వరం మెల్లమెల్లగా పైకెక్కి, ఎత్తున తేలికగా నిలవాలి. అరిచి ఎక్కితే పాట చెడుతుంది. 1985 జనవరి 3న ఆమె ఒపేరా వేదికకు వీడ్కోలు చెప్పిన ‘ఐదా’ టీవీలో ప్రసారమైంది. ఆ పాట అయ్యాక నిమిషాల తరబడి చప్పట్లు ఆగలేదు. ఆమె కదలకుండా, పాత్రలోంచి బయటికి రాకుండా నిలబడ్డారు. కళ్లు మాత్రం చెమర్చాయి. అప్పటికి ఆమె వయసు 57.

గౌరవాలు, రికార్డింగులు

1964లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 1980లో కెనెడీ సెంటర్ గౌరవం, 1989లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం లభించాయి. పిల్లల కోసం ‘ఐదా’ కథను పుస్తకంగా చెప్పారు. 2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన ఉగ్రదాడుల మృతుల స్మృతిలో కార్నెగీ హాల్‌లో ఏర్పాటైన కచేరీ కోసం విశ్రాంత జీవితం నుంచి బయటికి వచ్చి పాడారు. రికార్డింగులలో సోల్టీ నిర్వహణలోని ‘ఐదా’, కరయాన్‌తో చేసిన ‘టోస్కా’ ప్రసిద్ధం. ఆమెను కొత్తగా వినేవారు ఈ రెంటితో మొదలుపెట్టవచ్చు.