కమలాపురము: పేట చరిత్రయు ఉమ్మడి జీవనమును

రాజవంశముల చరిత్రకు శాసనములు కలవు. కోటల చరిత్రకు శిథిలములే సాక్ష్యము పలుకును. చిన్న పట్టణములోని ఒక పాతపేట చరిత్రకు ఆధారములెవ్వి? పేటవాసులు బావి పూడిక తీసినపుడు శాసనము వేయించుకొనలేదు. చావిడి కప్పు మరమ్మతు చేసికొన్నపుడు తామ్రపత్రము వ్రాయించుకొనలేదు. అయినను భిన్నకులములవారును భిన్నమతములవారును తరతరములుగా ఇరుగుపొరుగున కాపురముండుట చరిత్ర కాకపోదు. కడప జిల్లాలోని కమలాపురమును కేంద్రముగా గైకొని, ఈ సీమలోని పేటల ఐకమత్యము దేనిపై నిలిచినదో పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కమలాపురము కడపకు వాయవ్యముగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున పాపఘ్నీనది చెంత నున్నది. కన్నడదేశమున నందికొండల ప్రాంతమున పుట్టిన ఈ యేఱు గండి దాటి వచ్చి, కమలాపురపు పొలిమేరలకు చేరువలోనే పెన్నలో కలియును. ఈ పరిసరములు ప్రాచీన రేనాటిసీమలోనివి. తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనములుగా పండితులు గుర్తించిన కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములు పూర్వపు కమలాపురము తాలూకాలోని గ్రామములవే. వానిలో కలమళ్ల శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునదని పెక్కుర అభిప్రాయము. మన భాష తొలుత రాతికెక్కిన చోటనే సామాన్యుల పేటలు రాతికెక్కక నిలిచిపోవుట గమనింపదగిన విషయము.

1800 లో నిజాము దత్తమండలములను కంపెనీవారి కప్పగించెను. 1807 వరకు థామస్ మన్రో ఇచట ప్రధాన కలెక్టరుగా నుండెను. తరువాత తాలూకా కచేరీ, 1871 నాటికి రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసిన మద్రాసు రైలుదారి, ఈ రెండును కమలాపురమును పరిసరగ్రామములనుండి వేఱుచేసి పట్టణస్వరూపము నొసగినవి. 1985 లో తాలూకాల స్థానమున మండలములు ఏర్పడినవి. ఏలుబడి మారినను, కచేరీ పేరు మారినను, పేటలోని ఇరుగుపొరుగు మాత్రము అట్లే యుండెను. కావున పేట చరిత్రను పాలకుల కాలక్రమముననుసరించి వ్రాయబూనుట సరియైన పద్ధతి కాదని మేము తలంతుము. పేట చరిత్ర ఉమ్మడి వస్తువుల చరిత్ర.

ఆ ఉమ్మడి ఇంటిగోడతోనే ఆరంభమగును. రాయలసీమ పాతపేటలలో చవుటిమిద్దెలు ఒకదానినొకటి ఆనుకొని యుండును. ముంగిట నాపరాతి అరుగులు వీధికి తెఱచియుండును. వానకాలమునకు ముందు మిద్దెపై చవుడు పఱచి అణచవలెను. ఒకరి మిద్దె ఉరిసినచో పొరుగువారి గోడ నానును. ఒకరి దోనెనుండి జాఱిన నీరు ఎవరి వాకిట పడవలెనను తగవు ప్రతి పేటలోను కలదు. ఆ తగవును తీర్చుటకే పెద్దలు అరుగుపై కూర్చుండిరి. స్నేహమువలన ఒప్పందము కలిగెనని యనుటకంటె, ఒప్పందము తప్పనిసరి యగుటవలన స్నేహము పెరిగెననుట సమంజసము.

రెండవది నీరు. వేసవిలో ఏటి యిసుకలో చెలమలు త్రవ్వుకొను సీమ యిది. ఇట్టిచోట జలాశయమును కట్టుటకంటె దానిని నిలుపుకొనుట కష్టము. దశబంధమను ఏర్పాటు ఇందులకై పుట్టినది: చెఱువును గాని బావిని గాని కట్టించి చెడకుండ కాపాడువారికి దానిక్రింది భూమిలోనో ఫలసాయములోనో కొంతభాగము మాన్యముగా లభించును. కడప జిల్లాలో ఇట్టి మాన్యములను ఆంగ్ల ప్రభుత్వము సైతము గుర్తింపవలసివచ్చెను. ఈ జిల్లాలోనే 1369 లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు పోరుమామిళ్ల చెఱువును గూర్చి వేయించిన శాసనము, రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పనిచేసిరని చెప్పుచున్నది. ఆ వేయిమంది పేర్లు అందు లేవు. వారి వంటివారే తమ పేటలలో బావులను త్రవ్వి, పూడిక తీసి, మోకులు మార్చి నిలిపిన సామాన్యులు.

మూడవది పండుగ. కమలాపురమునందలి గఫార్ షా ఖాద్రీ దర్గా ఉరుసునకు హిందువులును మహమ్మదీయులును కలసి వత్తురు. ఆ సందర్భమున రైతుల యెడ్లకు బండలాగుడు పందెములు జరుగును. దేవుని కడప వేంకటేశ్వరుని ఆలయమునకు ఉగాదినాడు ముస్లిములు వచ్చుట లోకవిదితము. స్వామి దేవేరియగు బీబీ నాంచారమ్మను వారు తమ యింటి ఆడపడుచుగా భావింతురు. ఈ సీమలోని పెక్కు ఊళ్లలో పీర్లచావిడి యెదుట గుండము త్రవ్వుటలోను, పీర్లనెత్తుటలోను హిందువులకును పాలు కలదు. దీనిని మతసామరస్యమని ఒక్క మాటలో చెప్పి విడచుట చాలదు. ఇవి పనుల పంపకములు. కట్టెలు తెచ్చువారు, డప్పు కొట్టువారు, పందిరి వేయువారు ఎవరో ముందే నిర్ణీతము. పని వంతుగా నున్నంత కాలము పండుగ అందఱిదై యుండును.

ఇచట ఒక విషయమును దాచరాదు. పూర్వపు ఐకమత్యమును కీర్తించువారు ఆ బావిగట్టుపై ఎవరికి చోటు లేకపోయెనో చెప్పుట మఱతురు. డప్పు కొట్టినవారికి, చెఱువు త్రవ్వినవారికి పేటబావిలో చేద వేయు హక్కు లేదు. వారు గట్టుక్రింద నిలిచి, పైవారు పోయునంతవఱకు వేచియుండిరి. 1938 నాటి మద్రాసు చట్టమును, 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టమును కావలసివచ్చినవనిన, ఊరి ఐకమత్యము తనంత తానుగా ఈ గీతను చెఱపలేదనుటకు అదియే నిదర్శనము. ఉమ్మడి యెంతవఱకు సాగెనో పేట అంతవఱకే పేట.

నేడు ఇంటింటికి కొళాయి వచ్చినది. మిద్దెలు సిమెంటు కప్పులైనవి. నీటికై వేచియుండవలసిన అవమానము తగ్గుట మేలే. దానితోపాటు ఒకరితో నొకరికి గల అక్కఱయు తగ్గినది. ఐనను అది పూర్తిగా పోలేదు. 2021 నవంబరు వఱదలకు కమలాపురము వద్ద పాపఘ్నిపై వంతెన కూలి కడపదారి తెగినపుడు, ఉమ్మడి వస్తువు విలువ మరల ఎఱుకపడినది.

మెకంజీ సేకరింపించిన కైఫీయత్తులు గ్రామముల పుట్టుకను, గుళ్లను, చెఱువులను, మాన్యములను కరణముల నోట వినిపించును. కడప జిల్లా కైఫీయత్తులను సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రము ప్రకటించి మహోపకారము చేసినది. అయితే అవి కరణముల మాటలు. చేద పట్టినవారి మాటలు, గట్టుక్రింద నిలిచినవారి మాటలు అందు అరుదు. వృద్ధుల జ్ఞాపకములు, మాన్యపు పత్రములు, ఉరుసు లెక్కలు, బావుల పేర్లు సేకరించిననే ఆ కొఱత తీఱును. ఏ పేట చరిత్ర వ్రాయబూనిన విద్యార్థియైనను రెండు ప్రశ్నలతో ఆరంభింపవలెను: ఇచట ఉమ్మడిగా నుండిన దేమి? అందు పాలు లేనివారెవరు? మొదటి ప్రశ్నను మాత్రమే అడిగినచో స్తోత్రమగును; రెండును అడిగినపుడే చరిత్ర యగును.