చేంజోవర్

“కరెంటు పోయింది, చేంజోవర్ తిప్పు!” జనరేటరున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట. ఇంగ్లిష్‌లో మార్పిడికి వాడే పదం మన నోట స్విచ్ పేరైపోయింది. అమెరికాలో దీన్నే ట్రాన్స్‌ఫర్ స్విచ్ అంటారు. దాని లాటిన్ మూలానికి అర్థం ‘అవతలికి మోయడం’.

‘కరెంటు’కూ మూలం లాటినే, అర్థం ‘పరుగెత్తడం’. ఆ పరుగు వెనక్కి మళ్లితే ప్రాణాలే పోతాయి. చేంజోవర్ లేకుండా జనరేటర్ కలిపితే 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి 11,000 కావచ్చు.

స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు.

చేంజోవర్ పిడిని నడిమి సున్నా దగ్గర పెడితే ఇంటికి వీధి లైను, జనరేటర్ సరఫరాలు రెండూ తెగుతాయి. కానీ పెట్టెలోకొచ్చే తీగల్లో కరెంటు ఉండొచ్చు. పిడి బిగుసుకున్నా, కాలిన వాసనొచ్చినా జనరేటర్ ఆపండి, మెయిన్ దించండి. మూత మాత్రం ఎలక్ట్రీషియన్‌నే తీయనివ్వండి.