కెనడా పీఆర్: కాలేజీ సీటు వస్తే సరిపోదు.. ప్రావిన్స్ పిలవాలి! రాజుపాలెం నుంచి విన్నిపెగ్ దాకా దారి ఇదీ

"రెండేళ్ల చదువు, ఏడాది ఉద్యోగం, ఆ తర్వాత పీఆర్.." కెనడా గురించి అడిగితే చాలా కన్సల్టెన్సీల్లో వినిపించే లెక్క ఇదే. వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. కానీ ఈ మూడూ వేర్వేరు దరఖాస్తులు. స్టడీ పర్మిట్ వచ్చినంత మాత్రాన వర్క్ పర్మిట్ వచ్చేసినట్టు కాదు. వర్క్ పర్మిట్ ఉన్నంత మాత్రాన పీఆర్ గ్యారంటీ లేదు. ఆఖరి మెట్టు దగ్గర చాలామందికి అడ్డు పడేది ప్రావిన్స్, అంటే అక్కడి రాష్ట్ర ప్రభుత్వం.

ఉమ్మడి కడప జిల్లాకు విదేశాలు కొత్తేం కాదు. కువైట్‌కు పోయి, సంపాదించి, ఊళ్లో ఇల్లు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా చివరికి తిరిగి రావాల్సిందేనని అందరికీ తెలుసు. కెనడా అలా కాదు, శాశ్వతంగా ఉండనిస్తుంది. అందుకే రాజుపాలెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇంజినీరింగ్ పూర్తి చేసిన పిల్లల ఇళ్లల్లో ఈ మాట వినిపిస్తోంది. పొలం తాకట్టు పెట్టి లోన్ తీసుకునే ముందు ఈ వివరాలు ఒకసారి చదవండి.

పీఆర్ అంటే ఏంటి?

పీఆర్ అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, శాశ్వత నివాస హక్కు. ఇది పౌరసత్వం కాదు. పీఆర్ ఉన్నవాళ్లు కెనడాలో ఎక్కడైనా ఉండొచ్చు, పనిచేయొచ్చు, ప్రభుత్వ వైద్యం పొందొచ్చు. ఓటు హక్కు మాత్రం ఉండదు, పాస్‌పోర్ట్ ఇండియాదే ఉంటుంది. పీఆర్ నిలబెట్టుకోవాలంటే ప్రతి ఐదేళ్లలో కనీసం 730 రోజులు అక్కడ ఉండాలి. పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ఐదేళ్లలో 1,095 రోజులు ఉండాలి. ఇండియా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి, కెనడా పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్ట్ వదులుకుని ఓసీఐ కార్డుకు మారాల్సిందే.

ప్రావిన్స్‌కు ఏం సంబంధం?

కెనడాలో 10 ప్రావిన్స్‌లు, 3 టెరిటరీలు ఉన్నాయి. పీఆర్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ ఇమిగ్రేషన్ శాఖ, అంటే ఐఆర్‌సీసీ. అయితే "ఈ మనిషి మాకు కావాలి" అని సిఫారసు చేసే అధికారం ప్రావిన్స్‌లకు ఉంది. దాన్నే ప్రొవిన్షియల్ నామినీ ప్రోగ్రామ్, షార్ట్‌గా పీఎన్‌పీ అంటారు. క్యూబెక్, నునావుట్ తప్ప మిగతా అన్నిచోట్లా ఇది ఉంది. క్యూబెక్‌కు సొంత సెలెక్షన్ విధానం ఉంది, అక్కడ ఫ్రెంచ్ రాకుండా నెగ్గుకురావడం కష్టం.

ఈ సిఫారసు విలువ ఎంతో ఒక్క నంబర్ చాలు. 2015 నుంచి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం చూసి మొత్తం 1,200కు పాయింట్లు వేస్తారు. ప్రావిన్స్ నామినేషన్ ఉంటే దానికే 600 పాయింట్లు కలుస్తాయి. అంటే సగం! గతంలో జాబ్ ఆఫర్‌కు 50 లేదా 200 పాయింట్లు ఉండేవి. నకిలీ ఆఫర్ల దందా పెరగడంతో 2025 మార్చి 25 నుంచి వాటిని తీసేశారు. ఆ తర్వాత నామినేషన్‌కు గిరాకీ ఇంకా పెరిగింది.

2024 తర్వాత ఏం మారింది?

- 2024 జనవరి 22న కెనడా స్టడీ పర్మిట్లపై పరిమితి పెట్టింది. అప్పటి నుంచి చాలామంది విద్యార్థులకు ప్రావిన్స్ ఇచ్చే అటెస్టేషన్ లెటర్, అంటే పాల్ తప్పనిసరి అయింది.
- ఇండియన్ స్టూడెంట్స్‌కు త్వరగా వీసా తెచ్చిన ఎస్‌డీఎస్ స్కీమ్‌ను 2024 నవంబర్ 8న ఎత్తేశారు.
- కొత్తగా వచ్చే విద్యార్థుల టార్గెట్ 2025లో 3,05,900 ఉండగా, 2026కు 1,55,000కు తగ్గించారు. దాదాపు సగం కోత.
- పీఎన్‌పీ టార్గెట్‌ను 2024లో ఉన్న 1,10,000 నుంచి 2025లో 55,000కు కోసేశారు. 2026కు మళ్లీ 91,500కు పెంచారు.
- మొత్తం పీఆర్ టార్గెట్ 2026లో 3,80,000.

స్టూడెంట్ తలుపు బాగా సన్నబడింది, ప్రావిన్స్ తలుపు కొంచెం తెరుచుకుంది. కాబట్టి "ఏ కాలేజీలో సీటు వస్తుంది?" అని అడిగే ముందు "ఏ ప్రావిన్స్? అక్కడ ఈ చదువుకు ఏ ఉద్యోగం?" అని అడగాలి.

స్టూడెంట్‌గా వెళ్తే..

మెట్టు 1: ఐఆర్‌సీసీ గుర్తింపు ఉన్న కాలేజీ లేదా యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ తెచ్చుకోవాలి. అలాంటి సంస్థలను డీఎల్ఐ అంటారు. లిస్ట్ ఐఆర్‌సీసీ సైట్‌లోనే ఉంటుంది.

మెట్టు 2: పాల్. డిప్లొమా, డిగ్రీ కోర్సులకు ఇది కావాలి. 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. బీటెక్ అయిపోయిన మన పిల్లలకు ఇది ముఖ్యమైన పాయింట్.

మెట్టు 3: డబ్బులు చూపించాలి. 2025 సెప్టెంబర్ 1 తర్వాతి దరఖాస్తులకు, ఒక్కరికి, ఏడాది ఖర్చుల కింద 22,895 కెనడా డాలర్లు. ఫీజు, విమాన టికెట్ వేరు. డాలర్‌కు 60 రూపాయలు చొప్పున వేసుకున్నా ఇదొక్కటే 13.7 లక్షలు దాటుతుంది.

మెట్టు 4: చదివేటప్పుడు వారానికి గరిష్ఠంగా 24 గంటలు క్యాంపస్ బయట పనిచేయొచ్చు. మానిటోబాలో కనీస వేతనం 2025 అక్టోబర్ 1 నుంచి గంటకు 16 డాలర్లు. పూర్తిగా 24 గంటలూ పని దొరికితే వారానికి 384 డాలర్లు, అదీ కోతలకు ముందు. దాంతో అద్దె, తిండి గడిచినా గొప్పే, కాలేజీ ఫీజు కట్టడం కుదరదు.

మెట్టు 5: చదువు అయ్యాక పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్, అంటే పీజీడబ్ల్యూపీ. రెండేళ్ల కోర్సుకు మూడేళ్ల దాకా వస్తుంది. 8 నెలలు దాటిన మాస్టర్స్‌కు కూడా మూడేళ్లు రావొచ్చు. పాస్‌పోర్ట్ గడువు తక్కువ ఉంటే పర్మిట్ కూడా అంతవరకే ఇస్తారు. జీవితంలో ఒక్కసారే దొరికే అవకాశం ఇది.

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకుని కాలేజీ డిప్లొమా చదివేవాళ్లకు, ఆ కోర్సు ప్రభుత్వ లిస్టులో ఉంటేనే పీజీడబ్ల్యూపీ. వ్యవసాయం, హెల్త్, టెక్నాలజీ, ట్రేడ్స్ లాంటి రంగాలు ఆ లిస్టులో ఉన్నాయి. బ్యాచిలర్స్, మాస్టర్స్ డిగ్రీలకు ఈ లిస్ట్ వర్తించదు. ఇంగ్లిష్ టెస్ట్ కూడా తప్పనిసరి అయింది. యూనివర్సిటీ డిగ్రీలకు సీఎల్‌బీ 7, అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో ప్రతి సెక్షన్‌లో 6. అడ్మిషన్ కోసం రాసిన అకడమిక్ ఐఈఎల్‌టీఎస్ ఇక్కడ పనికిరాదు. జనరల్ మళ్లీ రాయాల్సిందే.

ఏ ఉద్యోగం లెక్కలోకి వస్తుంది?

కెనడాలో ప్రతి ఉద్యోగానికీ 0 నుంచి 5 వరకు టీర్ అనే స్థాయి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కెనడా అనుభవం చూపించే దారికి టీర్ 0, 1, 2, 3 స్థాయిలో ఏడాది పని కావాలి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ఎలక్ట్రీషియన్, వంటమాస్టర్, నర్స్ ఎయిడ్, లారీ డ్రైవర్ ఈ లెక్కలోకి వస్తారు. క్యాషియర్, గోడౌన్‌లో సరుకు మోసే పని, హోటల్ కిచెన్ హెల్పర్ లాంటివి టీర్ 5. వాటిలో ఎన్నేళ్లు చేసినా ఈ దారిలో ఉపయోగం లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం.. ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చేసిన పార్ట్‌టైమ్ పని ఈ ఏడాది లెక్కలోకి రాదు. పీజీడబ్ల్యూపీ చేతికొచ్చిన రోజు నుంచే గడియారం తిరుగుతుంది. మూడేళ్లున్నాయి కదా అని మొదటి ఏడాది టీర్ 5 పనిలో గడిపేస్తే, మిగిలిన టైమ్‌లో మంచి ఉద్యోగం, అనుభవం, నామినేషన్ అన్నీ కుదరాలి.

మానిటోబా ఉదాహరణ చూద్దాం

పీఎన్‌పీని 1998లో మొదట మొదలుపెట్టిన ప్రావిన్స్ మానిటోబానే. రాజధాని విన్నిపెగ్. టొరంటో, వాంకూవర్లతో పోలిస్తే అద్దెలు తక్కువ. చలి మాత్రం మామూలుగా ఉండదు, జనవరి రాత్రుల్లో మైనస్ 30 కూడా చూస్తారు. ప్రొద్దుటూరు ఎండల్లో పెరిగినవాళ్లు దీనికి మనసులో సిద్ధపడే వెళ్లాలి.

ఇక్కడ స్టూడెంట్లు, వర్కర్లకు ప్రధానంగా కనిపించే దారులు ఇవీ:

- మానిటోబాలోనే చదివి, చదువుకు తగ్గ, డిమాండ్ ఉన్న ఉద్యోగంలో కనీసం ఏడాది ఫుల్‌టైమ్ ఆఫర్ తెచ్చుకున్నవాళ్లకు ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ స్ట్రీమ్.
- వర్క్ పర్మిట్ మీద ఒకే యజమాని దగ్గర 6 నెలలు ఫుల్‌టైమ్ చేసి, అదే ఉద్యోగం కొనసాగే ఆఫర్ ఉన్నవాళ్లకు స్కిల్డ్ వర్కర్ ఇన్ మానిటోబా. వేరే ప్రావిన్స్‌లో చదివి వస్తే 6 నెలలు చాలవు, ఏడాది చేయాలి.
- బ్రాండన్, స్టైన్‌బాక్ లాంటి చిన్న ఊళ్లలో గుర్తింపు పొందిన యజమాని దగ్గర ఉద్యోగం దొరికితే 2025లో మొదలైన రూరల్ కమ్యూనిటీ పైలట్.

చూశారుగా, మూడింటిలోనూ ఉద్యోగం ఉంది. చదివిన ప్రావిన్స్‌లోనే పనిచేసినవాళ్లకు దారి దగ్గరవుతుంది. టొరంటోలో చదివి, పని కోసం విన్నిపెగ్‌కు మారితే మళ్లీ మొదటి నుంచి లెక్క.

నామినేషన్ రెండు రకాలు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో కలిసేది ఒకటి, కలవనిది ఇంకొకటి. రెండోదానిలో పీఆర్ రావడానికి చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. మీకొచ్చింది ఏదో లెటర్‌లో చూసుకోండి. పైగా ఆ ప్రావిన్స్‌లో ఉండే ఉద్దేశం లేదని తేలితే, పీఆర్ రాకముందు నామినేషన్‌ను వెనక్కి తీసుకోవచ్చు.

నేరుగా ఉద్యోగిగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కానీ ఇండియాలో కూర్చుని జాబ్ ఆఫర్ తెచ్చుకోవడం కష్టం. చాలా ఉద్యోగాలకు యజమాని ముందుగా ఎల్ఎంఐఏ అనే అనుమతి తీసుకోవాలి. దాని ఫీజు 1,000 డాలర్లు యజమానే కట్టాలి, వర్కర్ దగ్గర వసూలు చేయడం నేరం. నిరుద్యోగం 6 శాతం, అంతకుమించి ఉన్న నగరాల్లో తక్కువ జీతం ఉద్యోగాలకు 2024 సెప్టెంబర్ 26 నుంచి ఎల్ఎంఐఏలు దాదాపు ఆపేశారు. కాబట్టి "20 లక్షలు కడితే ఎల్ఎంఐఏ ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ సహా నాలుగు తూర్పు తీర ప్రావిన్స్‌లకు అట్లాంటిక్ ఇమిగ్రేషన్ ప్రోగ్రామ్ ఉంది. గుర్తింపు ఉన్న యజమాని ఆఫర్ ఇస్తే ఈ దారికి ఎల్ఎంఐఏ అక్కర్లేదు.

అప్పు లెక్క ఇలా వేసుకోండి

రాజుపాలెం మండలంలో ఓ రైతు కుటుంబం కుందూ పక్క పొలం మీద 25 లక్షలు లోన్ తీసుకుందనుకుందాం. 11 శాతం వడ్డీ అయితే ఏడాదికి 2.75 లక్షలు వడ్డీకే పోతాయి. చదువు రెండేళ్లు, ఉద్యోగం దొరకడానికి ఆరు నెలలు పట్టిందంటే, అసలు ముట్టుకోకముందే వడ్డీ దాదాపు 7 లక్షలు. పీఆర్ ఆలస్యమైతే? రాకపోతే? ఈ రెండు ప్రశ్నలకు ఇంట్లో అందరూ కూర్చుని జవాబు చెప్పుకున్నాకే సంతకం పెట్టండి. పీఆర్ రాకపోయినా ఆ డిగ్రీతో, ఆ అనుభవంతో ఇక్కడ లోన్ తీర్చగలమా అన్నదే అసలు పరీక్ష.

మోసాలు ఎక్కడ జరుగుతాయి?

2023లో పంజాబ్ విద్యార్థుల కేసు గుర్తుందా? ఏజెంట్ ఇచ్చిన అడ్మిషన్ లెటర్లు నకిలీవని ఏళ్ల తర్వాత, పీఆర్‌కు దరఖాస్తు చేసుకునే టైమ్‌లో బయటపడింది. చదువు పూర్తిచేసి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు కూడా దేశం నుంచి పంపించేస్తామని నోటీసులు వెళ్లాయి. ఆ తర్వాతే, 2023 డిసెంబర్ 1 నుంచి ప్రతి లెటర్‌నూ కాలేజీతో సరిచూడటం మొదలైంది.

తప్పుడు పత్రం పెట్టింది ఏజెంట్ అయినా, దరఖాస్తు మీ పేరు మీదే ఉంటుంది. తప్పుడు సమాచారం అని తేలితే ఐదేళ్లు నిషేధం పడుతుంది. అందుకే..

- డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇచ్చేవాళ్లు అక్కడి లాయర్ లేదా లైసెన్స్ ఉన్న ఆర్‌సీఐసీ కన్సల్టెంట్ అయి ఉండాలి. లైసెన్స్ నంబర్ అడిగి ఆన్‌లైన్ రిజిస్టర్‌లో చూడండి.
- విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంట్‌కు మన విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కనిపించాలి. సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు.
- ఐఆర్‌సీసీ అకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ మీరే చదవండి.
- అడ్మిషన్ లెటర్ వచ్చాక కాలేజీకి మీరే నేరుగా మెయిల్ చేసి కన్ఫర్మ్ చేసుకోండి.
- "పీఆర్ గ్యారంటీ" అనే మాట ఎవరు అన్నా నమ్మొద్దు. ఆ గ్యారంటీ ఇచ్చే అధికారం కన్సల్టెన్సీకి లేదు, కాలేజీకీ లేదు.

ఇంటి దగ్గరే మొదలుపెట్టాల్సిన పనులు

పాస్‌పోర్ట్ లేకపోతే కడప పోస్టాఫీస్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి స్లాట్ బుక్ చేసుకోండి. పాతది ఉంటే గడువు చూసుకోండి. పదో తరగతి మెమో, డిగ్రీ, పాస్‌పోర్ట్.. మూడింట్లో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. బయోమెట్రిక్స్‌కు హైదరాబాద్ వీఎఫ్ఎస్ సెంటర్ ఉంది. స్టడీ పర్మిట్ ఫీజు 150, బయోమెట్రిక్స్ 85, మొత్తం 235 డాలర్లు. ఎవరైనా దీనికే లక్షలు అడిగితే తేడా మీకే అర్థమవుతుంది.

ఇక కన్సల్టెన్సీకి వెళ్లినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ కోర్సుకు పీజీడబ్ల్యూపీ వస్తుందా? ఈ ప్రావిన్స్‌లో ఏ స్ట్రీమ్‌కు నేను సరిపోతాను? ఆ ఉద్యోగం ఏ టీర్? ఇదంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎక్కడుందో చూపిస్తారా? నాలుగో ప్రశ్నకు స్క్రీన్ తిప్పి చూపించలేకపోతే అడ్వాన్స్ కట్టకుండా బయటకు రండి. రూల్స్ తరచూ మారుతున్నాయి, దరఖాస్తు పెట్టే రోజు ఐఆర్‌సీసీ, ప్రావిన్స్ సైట్లలో మరోసారి చూసుకోండి.